బండొచ్చింది, మనిషేడీ?

ఆ వీధిలో ఆయన్ని అందరూ అక్షరాలాయన అంటారు. ఇళ్ళ గుమ్మాలకు పెట్టే పేరు పలకలు, బడిపిల్లల ఆటల కప్పుల మీద రాతలు, ఆఫీసుల రబ్బరు స్టాంపులు, యంత్రాల మీద కొట్టే అంకెలు, ఏదైనా ఆయన చేతిమీదుగా పడాల్సిందే. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే దుకాణం నిండిపోతుంది. గోడవారన చెక్కబల్ల, దాని మీద వరసగా నిలబెట్టిన ఉక్కు అచ్చులు, చిన్న సుత్తి, భూతద్దం. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. నోట్లో నాలుక లేని మనిషని భార్య విసుక్కుంటుంది. ఎవరేం అడిగినా కాదనలేడు. ఆ తర్వాత వారం రోజులు లోపల్లోపలే కుమిలిపోతాడు.

ఆవిడ తమ్ముడు దీనికి పూర్తిగా విరుద్ధం. ఆరడుగుల పొడుగు, గలగలా మాట. వాడి నోట్లోంచి అబద్ధం కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికొస్తుందని అక్కే అంటుంది. పాత కార్లు బాగుచేసి అమ్మడం అతని వ్యాపారం. ఊరి చివర రేకుల షెడ్డు ఉంది.

ఆ వ్యాపారంలో బండి కంటే బండి పుట్టుపూర్వోత్తరాలకే విలువెక్కువ. ఫలానా ఏడాది తయారైంది, ఒక్క చేతిలోనే నడిచింది, కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి అంటే కొనేవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకెళ్తారు. అదే బండికి కాగితాల్లేకపోతే పాత ఇనుము కిందే లెక్క. బావమరిది ఈ రెంటికీ పెళ్ళి చేస్తుంటాడు. కాగితాలు మిగిలి బండి పోయినవాటిని ఒకచోట వెతుకుతాడు, బండి మిగిలి కాగితాలు పోయినదాన్ని ఇంకోచోట పడతాడు. బండి చట్రం మీదున్న నంబరు అరగదీయించి, కాగితాల్లో ఉన్న నంబరు కొట్టిస్తాడు. ఆ కొట్టే చెయ్యి మాత్రం బావది.

"చచ్చిపోయిన నంబరుకు ఊపిరి పోస్తున్నాం బావా. ఎవరికి నష్టం చెప్పు?" అంటాడు ప్రతిసారీ.

అలా ఐదు బండ్లకు పోశారు. ఆరోది ఎండలు ముదిరే రోజుల్లో వచ్చింది.

నాలుగు తలుపుల పాత కారు. ముందువైపు కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నట్టుండే గుండ్రటి లైట్లు. ఆ రకం బండ్లు ఆ చుట్టుపక్కల మొత్తానికి పదికి మించి రాలేదట. కొండదారి పక్కన మూతపడ్డ రిపేరు షెడ్డులో ఏళ్ళ తరబడి పడుంటే, ఇనుము కొనేవాడు చూసి కబురు పెట్టాడు. లోపల కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. దాని మీద నల్లరంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది.

సరిగ్గా ఆ రకానికే, ఆ ఏడాదికే చెందిన కాగితాలు బావమరిది దగ్గర ముందునుంచే ఉన్నాయి. రవాణా ఆఫీసులో పాత ఫైళ్ళు దుమ్ముదులిపే ఒకతను సంపాదించిపెట్టాడు.

"ఇది మంచి నంబరు బావా. ఇరవయ్యారేళ్ళ కింద సొంతదారు బండెక్కి ఎటో వెళ్ళిపోయాడట, మళ్ళీ జాడ లేదు. తనంతట తనే పోయాడని పోలీసులు రాసి మూసేశారు. దొంగతనం రాయలేదు, ప్రమాదం రాయలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇంట్లో అడగడానికి ఎవరుంటారు?"

అక్షరాలాయన డ్రైవరు సీటు ఊడదీసి, కింద చట్రం మీదున్న అంకెల్ని ఆకురాయితో అరగదీశాడు. అక్కడ లోహం కాస్త మందంగా తగిలింది.

"ఇక్కడేదో అతుకున్నట్టుందిరా."

"తుప్పు పడితే వేసుంటార్లే. నువ్వు కానియ్."

ఒక్కో అచ్చూ నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కో దెబ్బ వేశాడు. నాలుగు, సున్నా, ఏడు, ఒకటి, మూడు, తొమ్మిది, ఏడు. దెబ్బ పడిన ప్రతిసారీ చట్రమంతా సన్నగా మోగింది. ఐదు బండ్లలో ఏదీ అలా మోగలేదు. ఖాళీ బండి కదా అనుకున్నాడు.

సీటు మళ్ళీ బిగించారు. బావమరిది తన కాళ్ళకు సరిపడేలా దాన్ని వెనక్కి జరిపాడు. మర్నాడు పొద్దున షెడ్డు తాళం తీసి చూస్తే సీటు ముందుకుంది, స్టీరింగుకు దగ్గరగా, పొట్టివాడెవరో కూర్చుని లేచివెళ్ళినట్టు. పట్టాలు అరిగిపోయి జారుతోందని బావమరిది మళ్ళీ వెనక్కి నెట్టాడు. మూడోరోజూ ముందుకే ఉంది.

"అరిగితే జారుతుంది నిజమే. కానీ నేల వెనక్కి వాలుంది కదరా. ముందుకెలా జారుతుంది?" అన్నాడు అక్షరాలాయన.

"నీకు అన్నీ అనుమానాలే బావా," అని బావమరిది రెండు బోల్టులు వేసి సీటు కదలకుండా బిగించేశాడు.

తర్వాత సంతకం పని. బండి చేతులు మారాలంటే పాత సొంతదారు సంతకం కావాలి. ఫైల్లో ఉన్నదాన్ని ఫొటో తీసి తెచ్చాడు బావమరిది. మొదటి అక్షరం కొడవలిలా వంగి, చివర గీత పైకి లేచి, కింద రెండు చుక్కలు. చెయ్యి తిరిగిన పనివాడే గనక అక్షరాలాయన నాలుగు రోజులు పాత కాగితాల వెనక రాసి రాసి సాధన చేశాడు. ఐదోరోజుకి చూడకుండానే వచ్చేసింది. బదిలీ కాగితం మీద ఒక్క ఊపులో పెట్టేశాడు.

ఆ మరుసటి వారం బడి నుంచి జవాను వచ్చి ఆటల కప్పులు పట్టుకెళ్తూ రసీదు అడిగాడు. ఇచ్చాడు. జవాను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"ఇదెవరి సంతకమండీ?"

కాగితం మీద కొడవలి, కింద రెండు చుక్కలు. అక్షరాలాయన నవ్వేసి, దాన్ని చింపేసి, ఇంకో రసీదు రాయబోయాడు. పెన్ను కాగితానికి ఆనగానే ఆగిపోయాడు. తన సంతకం ఎలా మొదలవుతుందో ఒక్క క్షణం గుర్తుకు రాలేదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే భార్య మాత్రం భుజం తట్టి లేపింది. "ఏంటండీ, దిండు మీద వేలితో అదేపనిగా రాస్తున్నారు? కలలో కూడా పనేనా?"

బండికి కాగితాల్లో ఉన్నట్టే పావురం రంగు వేశారు. కొనేవాడు కూడా కుదిరాడు. అప్పుడే, ఒక ఉదయం పదిగంటలకు, ఇద్దరాడవాళ్ళు షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు.

పెద్దావిడకు అరవై దాటి ఉంటాయి. నిటారుగా నిలబడే మనిషి. ముప్పయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. వెంట కూతురు. టీచరు సంచిలోంచి ఉత్తరం తీసి బావమరిది చేతికిచ్చింది.

"ఇది రవాణా ఆఫీసు నుంచి మా ఇంటికొచ్చింది. మా ఆయన పోయిన నెల పదకొండో తారీకున ఈ బండిని మీకు బదిలీ చేశారని రాశారు. సంతకం చూపించమని ఆఫీసుకెళ్ళి కూర్చున్నాను. చూపించారు. ప్రోగ్రెస్ కార్డుల మీద తండ్రుల దొంగసంతకాలు ఎన్ని పట్టుకున్నానో లెక్కలేదు బాబూ. ఇది దొంగది కాదు. ఆయనదే."

షెడ్డు మూల బల్ల దగ్గర కూర్చున్న అక్షరాలాయన తల వంచుకుని, చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మీరింకా అదే ఇంట్లో ఉన్నారా?" బావమరిది నోరు జారింది.

"ఇల్లు మారితే ఆయనకెలా తెలుస్తుంది?" అందావిడ మామూలుగా. తర్వాత షెడ్డు మధ్యలో నిగనిగలాడుతున్న పావురంరంగు బండిని చూసింది. "బండొచ్చింది. మనిషేడీ?"

బావమరిది మొహంలో రంగు మారింది. సంతకం దొంగదంటే జైలు. నిజమైనదంటే మనిషి కావాలి. అతను ఎంతో సేపు ఆలోచించలేదు.

"వచ్చారమ్మా. ఆయనే తెచ్చిచ్చారు."

కూతురు చప్పున తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారు. జుట్టు నెరిసింది. కాస్త వంగారు. గోధుమరంగు స్వెట్టరు వేసుకున్నారు, ఇంత ఎండల్లో ఏంటా అనుకున్నాను. చిన్న దగ్గు."

"ఒక్కరే వచ్చారా?"

"షెడ్డులోకి ఒక్కరే. బయట ఎవరో ఉన్నట్టున్నారు. నేను చూళ్ళేదు."

ఆ మాట కత్తిలా దిగింది. కూతురు మొహం తిప్పుకుంది. ఎండకు పైన రేకులు టిక్కు టిక్కుమంటున్నాయి. అక్షరాలాయన తలెత్తలేదు. చాలిక, ఆపరా, అనాలనుకున్నాడు. నాలుక లేవలేదు. ఇంతలో వినబడింది, నెమ్మదిగా, గొంతు తగ్గించి అన్నట్టు: "ఆవిడింకా ఆ ఇంట్లోనే ఉందా అని అడిగాడు."

టీచరు కదలకుండా నిలబడింది. "మీరేం చెప్పారు?"

"నాకేం తెలుసమ్మా, తెలీదన్నాను," అన్నాడు బావమరిది.

ఆవిడ ఏడవలేదు. బండి చూడొచ్చా అని అడిగి, చుట్టూ ఒకసారి తిరిగింది. రంగు చూసి తలూపింది. డ్రైవరు సీటు దగ్గర ఆగింది. "ఇంత వెనక్కి ఎవరు జరిపారు? ఆయన పొట్టి. కాళ్ళందవు." తర్వాత వెనకవైపు ఎడమ తలుపు తీసి, కిటికీ అంచున ఉన్న చెక్కపట్టీ మీద వేళ్ళు పోనిచ్చింది. కొత్త వార్నీషు కింద ఒకచోట వేళ్ళాగాయి.

"ఇలా రా," అంది కూతురితో. "నీకు పళ్ళొచ్చేటప్పుడు బండెక్కితే చాలు, దీన్ని కొరికేదానివి. ఎన్నిసార్లు వద్దన్నా వినేదానివి కాదు. చూడు."

నాలుగు చిన్న గాట్లు. కూతురు వాటి మీద చూపుడువేలు పెట్టింది.

అక్షరాలాయన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి ఆ గాట్లు చూశాడు. ఆ నంబరు తను కొట్టింది. ఆ సంతకం తను పెట్టింది. ఆ రంగు కాగితాలు చూసి వేయించింది. కానీ ఆ గాట్లు ఎవరూ పెట్టలేదు. ఈ బండి ఎక్కడో కొండదారిలో కోళ్ళ మధ్య దొరికిన వేరే బండి కదా.

వెళ్తూ టీచరు గుమ్మం దగ్గర ఆగింది. "మళ్ళీ వస్తే ఇల్లు మారలేదని చెప్పండి. వచ్చినా రాకపోయినా సరే. మారలేదని మాత్రం చెప్పండి."

మర్నాడు బావమరిది కొనేవాణ్ణి కలవడానికి వెళ్ళాడని తెలుసుకుని, పదకొండు గంటలకు అక్షరాలాయన ఒక్కడే షెడ్డుకు వెళ్ళాడు. తలుపులు రెండూ బార్లా తెరిచాడు. ఎండ లోపలిదాకా పరుచుకుంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. అయినా బండి దగ్గరికి మెల్లగా అడుగులేసుకుంటూ వెళ్ళాడు, పడుకున్న మనిషిని లేపడానికి వెళ్తున్నట్టు.

బోల్టులు విప్పి సీటు తీశాడు. తను కొట్టిన అంకెల చుట్టూ వేసిన రంగు గీకాడు. భూతద్దం పెట్టి చూస్తే అంచు వెంట వెంట్రుక మందాన వెండిగీత కనిపించింది. టంకం. చట్రం మీద అరచేయంత రేకుముక్కని ఎవరో పొందిగ్గా అతికించారు. తుప్పుకు వేసిన అతుకైతే ఇంత నాజూకుగా వెయ్యరు. అది దాచడానికి వేసిన అతుకు.

బ్లోల్యాంపు వెలిగించి మంట తగిలించాడు. కాసేపటికి టంకం చెమట పట్టినట్టు మెరిసి, చుక్కలు చుక్కలుగా జారింది. స్క్రూడ్రైవరు మొనతో రేకు పైకి లేపాడు. తను నంబరు కొట్టిన ముక్క ఠంగుమని నేలమీద పడింది.

కింద పాత చట్రం. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలు, ఇరవయ్యారేళ్ళుగా గాలి తగలక కొత్తగా ఉన్నాయి. నాలుగు, సున్నా, ఏడు, ఒకటి, మూడు, తొమ్మిది, ఏడు.

పైకి చదివాడు. నేలమీది ముక్క తీసి పక్కన పెట్టి మళ్ళీ చదివాడు. అంకె తేడా లేదు. తను అరగదీసింది దొంగ నంబరు. ఎవడో ఎప్పుడో ఈ బండి పేరు మార్చేసి పైన రేకు కప్పాడు. తను మోసం చేద్దామని కూర్చుని దాని సొంత పేరే దాని మీద రాశాడు.

అక్కడే నేలమీద చతికిలపడ్డాడు. బండి ఇక్కడుంది. దీని మీద ఒకడు వేరే నంబరేసి దాచాడు. అలా దాచాల్సి వచ్చిందంటే బండి నడిపినాయన దాన్ని అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఆయన ఎక్కడికీ వెళ్ళిపోలేదు.

సాయంత్రం బావమరిది వచ్చి, ఊడిన రేకు చూసి, చెప్పింది విని, ఆ ముక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంకా మంచిదే కదా బావా. ఇప్పుడిది అసలు బండే. మనం చేసింది తప్పే కాదు."

"మనిషి సంగతేంట్రా?"

"ఎప్పుడో పోయినాయన. ఇప్పుడు తవ్వితే ఏమొస్తుంది? ఆవిడ చక్కగా మొగుడు బతికున్నాడనుకుని వెళ్ళింది. ఆ సంతోషం కూడా లాగేసుకుంటావా?"

"సంతోషమా? పెళ్ళాంపిల్లల్ని వదిలేసి ఇంకెవరితోనో ఉన్నాడని చెప్పావురా. ఇరవయ్యారేళ్ళుగా లోకం అన్న మాటే నువ్వూ అన్నావు."

"బతికున్నాడన్నాను కదా!" అని అరిచాడు బావమరిది. అరిచి, వెంటనే భుజం మీదుగా బండివైపు చూశాడు. ఆ తర్వాత గొంతు పెంచలేదు.

ఇంటికెళ్ళి అక్షరాలాయన భార్యకు అన్నీ చెప్పాడు. పెళ్ళయిన ముప్పయ్యేళ్ళలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆవిడ చేతిలో ఉన్న గుడ్డ మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"మా తమ్ముణ్ణి జైలుకు పంపిస్తారా?"

"నేనూ వెళ్తాను."

"అది తెలుసులెండి. మీరు బయట ఉంటే మాత్రం కుదురుగా ఉంటారా ఏంటి, లోపల్లోపలే కుళ్ళి చస్తారు." కళ్ళు తుడుచుకుంది. "ఆవిడ ఇల్లెక్కడో తెలుసా? నేనూ వస్తాను."

టీచరు ఇంటి గుమ్మం దగ్గర కొత్త మగ చెప్పుల జత ఉంది. చిన్న సైజు. అడుగున అంటించిన ధర చీటీ ఇంకా ఊడదియ్యలేదు. దాన్ని చూడగానే అక్షరాలాయనకు వచ్చిన దారినే వెనక్కి పోదామనిపించింది. భార్య వెనక నిలబడి ఉంది కాబట్టి పోలేకపోయాడు.

లోపల కూర్చోబెట్టారు. రేకుముక్కని గుడ్డలో చుట్టి తెచ్చాడు. బల్ల మీద పెట్టి, నేల చూస్తూ చెప్పాడు. నంబరు, అతుకు, అతుకు కింద నంబరు. టీచరు నల్లబల్ల మీద పిల్లవాడు చేస్తున్న లెక్క చూస్తున్నట్టు వింది.

"మళ్ళీ మొదట్నించి చెప్పండి."

మళ్ళీ చెప్పాడు.

"మరి మీ వాడు చెప్పిన మనిషి? నెరిసిన జుట్టు, దగ్గు?"

"ఎవరూ రాలేదమ్మా. అంతా కల్పించిందే."

"సంతకం?"

"నేనే."

ఆవిడ ఆయన కుడిచేతివైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

"అయితే ఆయన మమ్మల్ని వదిలేసి పోలేదన్నమాట," అంది చివరికి.

"లేదమ్మా."

"సినిమా హాల్లో బొమ్మ వేసే మిషను ఆగిపోయింది, వచ్చి బాగుచెయ్యమని కబురొస్తే పొద్దున్నే బయల్దేరారు. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నారు. అదే చివరి మాట. రానంటే రాకుండా ఉండే మనిషే గానీ వస్తానని రాకుండా ఉండే మనిషి కాదు. అందరికీ అదే చెప్పాను. ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకు నేనూ చెప్పడం మానేశాను." కూతురివైపు తిరిగింది. "విన్నావా? మీ నాన్న పోలేదు."

కూతురు తల్లి ఒళ్ళో తల పెట్టి బావురుమంది. టీచరు ఆమె వీపు నిమురుతూ గోడవైపు చూస్తూ కూర్చుంది. భర్త పోయాడని అప్పుడే తెలిసిన మనిషి మొహంలో అంత తెరిపి ఉండటం చూసి అక్షరాలాయన భార్యకు భయమేసింది. ఇంటికొచ్చాక చెప్పింది.

పోలీసుల పని చకచకా సాగింది. బావమరిది మొదట్లో బుకాయించాడు గానీ రేకుముక్క ముందు పెట్టాక అన్నీ ఒప్పుకున్నాడు. ఇద్దర్నీ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇన్‌స్పెక్టరు వాంగ్మూలాలు రాసుకున్నాడు. టీచరుతో ఏమేం అబద్ధాలు చెప్పారో ఒక్కొక్కటే చదివి వినిపించాడు. నెరిసిన జుట్టు. స్వెట్టరు. దగ్గు. బయట ఎవరో ఉన్నారనడం. అన్నిటికీ బావమరిది తలూపాడు.

"ఆవిడింకా ఆ ఇంట్లోనే ఉందా అని అడిగాడన్నది?"

"అది నేననలేదండీ. మా బావ అన్నాడు."

అక్షరాలాయన తలెత్తాడు. "నేనా?"

"నువ్వే కదా బావా! మాట్లాడని మనిషివి ఆ సమయంలో ఎందుకు కల్పించుకున్నావా అని ఒళ్ళు మండింది నాకు. ఆవిడ ఏం చెప్పారని అడిగితే సర్దుకోవాల్సొచ్చింది."

"నేను నోరే తెరవలేదురా. నువ్వన్నావనుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు షెడ్డులో ఉన్నది నలుగురే. టీచరునూ కూతురినీ అడిగితే, మగగొంతే అన్నారు, ఎవరిదో గమనించలేదన్నారు. ఇన్‌స్పెక్టరు కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, ఎవరన్నారో తేలలేదని రాసుకుని పేజీ తిప్పేశాడు.

బావమరిది ఆ రోజు నుంచి గలగలా మాట్లాడటం తగ్గించాడు. ఏదైనా చెప్పబోయే ముందు ఒకసారి ఆగి, చుట్టూ చూసి, అప్పుడు చెప్పేవాడు.

అరగదీసిన దొంగ నంబరు బావమరిది ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. దాన్నిబట్టి వెళ్తే అది కొండదారి షెడ్డు మెకానిక్కు పేరు మీదే తేలింది. ఎనభై దాటిన ముసలివాడు, మంచం పట్టి ఏడాదైంది. పోలీసులు గదిలోకి వెళ్ళి ఇంకా ఏమీ అడగకముందే, "ఇంతాలస్యమా?" అన్నాడట. కొండ ఎక్కేసరికి బండి వేడెక్కిపోయిందని ఒకాయన షెడ్డు ముందు ఆపాడు, వాన పడుతోంది, దారిలో ఎవరూ లేరు, బండి చూస్తే ఆశ పుట్టింది, చేతిలో ఇనుపకడ్డీ ఉంది. అంతే చెప్పాడు. కారు కింద నిలబడి పనిచేసుకోవడానికి షెడ్డులో తవ్విన గుంత ఉండేది. దాన్ని పూడ్చి సిమెంటు చేశాడు. కొన్నాళ్ళు బండి వాడుకున్నాడు. తర్వాత దాన్ని నడపలేక ఆ గుంత మీదే నిలబెట్టేశాడు. ఎందుకు నడపలేకపోయావంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సిమెంటు పగలగొట్టారు. ఎముకలు దొరికాయి, పక్కన మిషన్లు బాగుచేసే పనిముట్ల పెట్టె. ముసలివాడు విచారణ దాకా బతకలేదు.

అక్షరాలాయనకు పద్నాలుగు నెలల శిక్ష పడింది. బావమరిదికి మూడేళ్ళు. అక్షరాలాయన తనంతట తనే వచ్చి చెప్పాడని టీచరు కోర్టులో చెప్పింది, అందుకే తగ్గించారు.

బయటికొచ్చాక ఆయన అచ్చులు, సుత్తి ఇంకొకరికి ఇచ్చేశాడు. తలుపులకు కీళ్ళు, తాళాలు, గొళ్ళేలు బిగించే పని పట్టుకున్నాడు. చేతిపని తెలిసిన మనిషికి అన్నం దొరక్కపోదు. ఒకరోజు టీచరు కూతురు దుకాణానికి వచ్చింది.

"అమ్మ రమ్మంటోంది. బండి మాకే ఇచ్చేశారు, ఇంటి ముందు పెట్టాం. ముందు తలుపు సరిగా పడటం లేదు. మీకైతే ఆ బండి తెలుసు కదా అంది."

వెళ్ళాలా వద్దా అని ఆయన గింజుకున్నాడు. భార్య పనిముట్ల సంచి తెచ్చి చేతికిచ్చింది.

మధ్యాహ్నం మూడుగంటలు. వీధిలో పిల్లలు బడినుంచి వస్తున్నారు. పావురంరంగు బండి ఇంటిముందు నీడలో ఉంది. ఎడమవైపు ముందుసీట్లో టీచరు కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, బీన్సు తుంచుకుంటోంది. ఆయన్ని చూసి తలూపింది. బాగున్నారా అని అడిగింది. పడనిది ఆ అవతలి తలుపు, డ్రైవరువైపుదని చెప్పింది.

ఆయన అటువైపు వెళ్ళి కింద కూర్చుని కీలు చూశాడు. మేకు అరిగి తలుపు కిందికి వాలింది. విప్పి కొత్తది వెయ్యాలి. పని మొదలుపెట్టాడు.

"అమ్మాయికి ఉద్యోగం పక్క ఊరికి మారిందట," అంది టీచరు. "రోజూ ఇంత దూరం ఎలా తిరుగుతుందో ఏంటో."

"అవునా అండీ," అన్నాడాయన.

ఆవిడ ఆగింది. కాసేపటికి నవ్వింది. "అదీ నిజమే. మొండిది. చిన్నప్పట్నించీ అంతే."

ఆయన స్క్రూ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. తను మొండిదని ఏమీ అనలేదు.

"పాలవాడు మారాడు. నీళ్ళు కలుపుతున్నాడు. చెప్పానండి, చెప్పకుండా ఎందుకుంటాను?" అని మళ్ళీ ఆగింది. బీన్సు తుంచే చప్పుడు కూడా ఆగింది. అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగినట్టు ఆగి, "సరే అయితే," అంది.

అక్షరాలాయన తలెత్తి డ్రైవరు సీటువైపు చూడలేదు. సంచిలోంచి సుత్తి తియ్యబోయి, తియ్యకుండా వదిలేశాడు. మేకుని బొటనవేలితో కొంచెం కొంచెంగా నొక్కుతూ లోపలికి దించాడు. చప్పుడు కాకుండా దిగేసరికి చాలాసేపు పట్టింది.